మల్కాపురం తోటలో తాతగారి కొలువు

మా ముత్తాతగారు పెదసూరపరాజుగారు శారదా నది ఒడ్డున మూడు మామిడితోటలకు, ఒక పనసతోటకు యజమాని. ఆయన తోటలో పండిన పండు బజారు మొహం చూసి ఎరగదు. తొలికాపు దేవుడికి, తరువాతది ఊరికి, ఆ తరువాతది చుట్టాలకు వెళ్ళగా మిగిలింది చిలకలు తినేవి. ఆయన కుమారులు, అంటే మా తాతగారు చినసూరపరాజుగారు, ఆ తోటల్లోనే మంచం వాల్చుకుని రైతుల తగవులు తీర్చేవారు. ఆ తోటలు ఎలా పోయాయన్నది ఇక్కడ అనవసరం. కోర్టు మెట్లెక్కిన కుటుంబాలన్నింటికీ తెలిసిన సంగతే.

మొన్న గాజువాక బస్టాపులో ఒకాయన పనసతొనలు ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టి అమ్ముతున్నాడు. ఆ వాసనకు నా కాళ్ళు ఆగాయి గాని చెయ్యి పర్సు మీదికి పోలేదు. మా ఇంట్లో పనసతొనలు కొని తిన్నవాళ్ళు లేరు, నాతో మొదలు కానక్కరలేదు. వాసనకు అభ్యంతరం ఏమీ లేదు కనక రెండు బస్సులు వదిలేసి అక్కడే నిలబడ్డాను. నిలబడినంతసేపూ నేను గాజువాకలో లేను, మల్కాపురంలో మా పెరటి పనసచెట్టు కింద, మోచేతుల దాకా నూనె రాసుకుని, తాతగారు కాయ కోయడం కోసం ఎదురుచూస్తున్నాను.

డెబ్బైల చివర, ఉక్కు ఫ్యాక్టరీ కింద పోయిన ఆఖరి పొలం చెక్కకు వచ్చిన పరిహారంతో నాన్నగారు ఆ ఇల్లు కొన్నారు. ఆయనకు పోర్టులో గుమాస్తా ఉద్యోగం. అంతకు ముందు మేము రెండు గదుల అద్దె వాటాలో ఉండేవాళ్ళం. అక్కడ తాతగారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారు. జబ్బేమీ లేదు. చూడడానికి గోడ తప్ప ఇంకేమీ లేదని ఆయన అభిప్రాయం. అన్నం తినమంటే తినేవారు, లేవమంటే లేచేవారు కారు. ఆయన ఇంక ఎక్కువ కాలం ఉండరని ఇంట్లో అందరూ అనుకున్నారు, అనలేదు.

కొత్త ఇల్లు చిన్నదే, పెంకులు కారేవి. కాని వెనక ఉన్న తోట మాత్రం ఎవరో మా కోసం ముప్ఫై ఏళ్ళ ముందు నుంచి పెంచి సిద్ధంగా ఉంచినట్టుండేది. అమ్మినాయన రైల్వేలో గార్డుగా చేసిన ఒంటరి మనిషి. పనస, రెండు సపోటాలు, దబ్బచెట్టు, నిమ్మచెట్టు, గోడవార మునగ, బావి పక్కన అరటి గుబురు, ప్రహరీ మీద నుంచి వీధిలోకి వంగి చూసే సంపెంగ. మేము ఒక్క మొక్క నాటలేదు, ఒక్క చెంబు నీళ్ళు పోయలేదు. చేరిన మొదటి వేసవిలోనే వంటింట్లో బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే మగ్గిన సపోటా తగిలేది. వానలు పడ్డాక మునగాకు, పనసపొట్టు, వినాయకచవితికి పత్రి, శ్రావణమాసంలో తల నిండా సంపెంగలు. పోర్టు వైపు గాలి వీచిన రోజు ఆకులన్నీ ఎర్రదుమ్ము పట్టి ఉండేవి. సాయంత్రం పూట రిఫైనరీ గొట్టం మీది మంట వెలుగు అరటాకుల మీద పడి ఊగేది. ఓడ కూత వేస్తే సపోటా మీది గబ్బిలాలు ఒక్కసారిగా లేచేవి.

తాళం తీసిన రోజున తాతగారు తోటలోకి వెళ్ళి, పనసచెట్టు చుట్టూ ఒకసారి తిరిగి, బోదె మీద అరచెయ్యి వేసి, "మంచం ఇక్కడ వేయించండి" అన్నారు. అంతే. మళ్ళీ రాత్రి పడుకోవడానికి తప్ప ఇంట్లోకి రాలేదు.

తెల్లవారకముందే లేచి గోచీ బిగించి, భుజాన తువ్వాలు, చేతిలో కర్రతో తోటంతా తిరిగేవారు. చొక్కా వేసుకోవడం కచేరీకి వెళ్ళే రోజుల అలవాటు, ఇప్పుడు కచేరీ లేదు కనక చొక్కా లేదు. భోజనం కూడా చెట్టు కిందే. మా ఇంటి ఆడవాళ్ళకు ఘోషా ఉండేది, మామ్మగారు, అమ్మ పెరటి గుమ్మం దాటేవారు కారు. అందుకని పదేళ్ళు నిండని నేను విస్తరి పట్టుకెళ్ళి ఇచ్చేదాన్ని. నాన్నగారు తండ్రి ఎదుట కూర్చోరు, అడగందే మాట్లాడరు. ఆ ఇబ్బంది తప్పించుకోవడానికి అసలు తోటలోకే రాకుండా, ప్యాంటూ బూట్లూ వేసుకుని వీధి గుమ్మం నుంచి ఆఫీసుకు వెళ్ళి వీధి గుమ్మం నుంచే వచ్చేవారు.

తోటకు వెనక సందులోకి ఒక చిన్న తలుపు ఉండేది. ఇల్లు అమ్మిన పాతాయన రోజుల నుంచి ఆ సందులోని వాళ్ళకు కరివేపాకు, పువ్వులు, నిమ్మకాయలు ఆ తలుపులోంచే అందేవి. మేము వచ్చిన వారానికే వాళ్ళు తలుపు తట్టారు. ముందు వచ్చింది నూకాలమ్మ, రేవులో చేపలమ్మే మనిషి. గంప దించి, దోసెడు నెత్తళ్ళు ఆకులో పోసి మంచం కోడు దగ్గర పెట్టింది.

"తాతా, ఇయ్యి నీకే. నాలుగు సంపెంగపూలు కొయ్యి, గుడికెల్లాల."

తాతగారు ఆ చేపల వైపు చూసి, తల పంకించి, కర్ర కొక్కెంతో కొమ్మ వంచి పువ్వులు కోసి ఆమె ఒడిలో వేశారు. ఆమె వెళ్ళాక నన్ను పిలిచి, "తీసుకెళ్ళి మీ మామ్మగారికి ఇవ్వండి. కానుక వచ్చిందని చెప్పండి" అన్నారు. ఆమె తనను 'నువ్వు' అన్నందుకు ఆయనకు కోపం రాలేదు. సముద్రం మీద బతికేవాళ్ళు, మర్యాదలు తరువాత నేర్చుకుంటారన్నారు.

నూకాలమ్మ తరువాత ఆమె భర్త సింహాచలం వచ్చాడు. రిఫైనరీలో కూలీల మేస్త్రీ. బీడీకట్ట ఒకటి ఇచ్చి దబ్బకాయ పట్టుకెళ్ళాడు. ఆ తరువాత సందు సందంతా వచ్చింది. ఎండురొయ్యలు, బెల్లం ముక్క, తమలపాకులు, పీతలు. తాతగారు అన్నీ స్వీకరించేవారు. ఎవరికి ఎన్ని కాయలు ఇవ్వాలో, ఎవరింట్లో పురుడో, ఎవరి పిల్లకు జ్వరమో అన్నీ ఆయనకు గుర్తు. మొగుడూ పెళ్ళాల తగవులు కూడా పనసచెట్టు కిందికి వచ్చేవి. మా తాతగారి వీపు మళ్ళీ నిటారుగా నిలబడింది. ఆకలి కూడా పెరిగింది. విస్తరిలో అన్నం చాలక నేను రెండోసారి పరుగెత్తేదాన్ని.

ఏడాది ఇలా గడిచాక, దసరా ముందు ఒక ఉదయం నాన్నగారు ఆఫీసుకు బయలుదేరి సైకిలు నడిపించుకుంటూ వెనక్కి వచ్చారు. మొహం ఎర్రగా ఉంది. మా వీధి గుమ్మం ముందే నూకాలమ్మ ఆయన్ని ఆపింది. ఆమె అన్న మాటలు ఆయన నోట రాలేదు గాని, గుమ్మంలో నిలబడి విన్న నేనే లోపల చెప్పాను.

"బాబూ, తమరు పెద్దోరు, నాను సెప్పకూడదు. ఆ తోటమాలి తాతకి తమరేటి జీతం ఇత్తన్నారో నాకు తెల్దు. సొక్కా నేకుండా తిరుగుతన్నాడు. ఆ పిల్ల కూడొట్టుకొస్తే సెట్టు కింద కూకుని తింటన్నాడు. మాలాంటోలిచ్చిన సేపలు కూడా లోపలికే పంపించేత్తన్నాడు బాబూ, పాపం, ఎంత నమ్మకస్తుడో!"

పాతాయన దగ్గర ఎప్పుడూ ఒక తోటమాలి ఉండేవాడట. బీడీకట్ట ఇస్తే పువ్వులు కోసి ఇచ్చేవాడట. మా తాతగారిని చూసి సందంతా కొత్త తోటమాలి అనుకుంది.

నాన్నగారు ఆ రోజు ఆఫీసు మానేశారు. ఇప్పుడే సందులోకి వెళ్ళి మేమెవరమో చెప్పి వస్తానన్నారు. అమ్మ మాత్రం, "పోనీ మావయ్యగారిని చొక్కా వేసుకోమని చెప్పరాదూ?" అంది. ఆ మాట ఆయనతో ఎవరు చెప్పాలన్న దగ్గర చర్చ ఆగిపోయింది. మామ్మగారు తలుపు చాటు నుంచి అంతా విని, నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కళ్ళమ్మట నీళ్ళు వచ్చేలా నవ్వి, తరువాత కొంగు సర్దుకున్నారు.

"మీరు వెళ్ళి చెబితే వాళ్ళు సిగ్గుపడి రావడం మానేస్తారు, బాబూ. వాళ్ళు రాకపోతే ఆయన మళ్ళీ గోడవైపు తిరుగుతారు. మీకు ఏది కావాలో చూసుకోండి."

నాన్నగారు బూట్లు విప్పేశారు.

దసరా నాడు సాయంత్రం సందులోవాళ్ళు పది మంది కలిసి వచ్చారు. సింహాచలం చేతిలో పసుపు బొట్టు పెట్టిన కాగితం పొట్లం. తాతగారికి పరమానందం. పండగకు రైతులు దర్శనానికి రావడం, యజమాని పక్కన వారసుడు నిలబడడం మా ఇంటి ఆనవాయితీ. "అబ్బాయిగారిని రమ్మనండి" అని నన్ను పరుగెత్తించారు. నాన్నగారు రానన్నారు. మామ్మగారు చూసిన చూపుకు వచ్చారు.

సింహాచలం పొట్లం విప్పాడు. ఇత్తడి బొత్తాల ఖాకీ కోటు. దాన్ని తాతగారి ఒళ్ళో పెట్టి నాన్నగారి వైపు తిరిగి దండం పెట్టాడు.

"బాబుగారూ, తప్పుగా అనుకోకండి. మీ తోటమాలికి మేవందరం కలిసి కోటు కుట్టించేం. వయసైపోయినోడు. తమరు కూడా దయుంచి జీతం కొంచెం పెంచండి."

 నాన్నగారు నేలవైపు చూస్తున్నారు. పెరటి తలుపు వెనక గాజులు ఒకసారి గలగలమని ఆగిపోయాయి. తాతగారు ఒళ్ళో ఉన్న కోటు చూశారు, నూకాలమ్మను చూశారు, పది మంది మొహాలు వరసగా చూశారు. ఆయనకు అర్థమైంది. ఆ మెడ మీద నరం ఉబ్బడం నేను చూశాను. ఆ నరం ఉబ్బిన రోజున పూర్వం కలెక్టరు గుమాస్తా ఒకడు గోడ దూకి పారిపోయాడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

తాతగారు మంచం మీంచి లేచారు. కోటు విదిలించి ఒక చెయ్యి, మరో చెయ్యి తొడుక్కుని, బొత్తాలు కింది నుంచి పైదాకా పెట్టుకున్నారు. నాన్నగారి ఎదుట నిలబడ్డారు.

"అయ్యా, పండగపూట నలుగురూ వచ్చి అడిగారు. కాదనకండి."

మా ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలను కూడా మీరు అనే అంటారు. కాని చినసూరపరాజుగారి నోట అయ్యా అన్న మాట కలెక్టరు కూడా విని ఎరగడు.

నాన్నగారు చేతులు కట్టుకుని, "అలాగేనండీ" అన్నారు.

"సూసేవా, తోటమాలికి సేతులు కట్టుకుని సెప్తన్నాడు! అసలైన దొరంటే ఇలగుండాల" అంది నూకాలమ్మ పక్కావిడతో.

వాళ్ళంతా వెళ్ళాక పిడుగు పడుతుందని మేము ఎదురుచూశాం. తాతగారు చుట్ట వెలిగించుకుని, "ఒకటో తారీఖు మరిచిపోకండి" అన్నారు. మరిచిపోతే ఊరుకోలేదు కూడా. బతికినన్నాళ్ళూ ప్రతి ఒకటో తారీఖున చెయ్యి చాపి జీతం పుచ్చుకుని, పైకంతో సందు పిల్లలకు బటాణీలు కొనిపెట్టేవారు. కోటు ఎండాకాలంలో కూడా విప్పేవారు కారు. చెమట పడుతోందని మామ్మగారు కబురు పంపితే, జనం పెట్టిన బట్ట విప్పడం మర్యాద కాదని జవాబు పంపేవారు.

ఎనభైల నడుమ ఒక చలికాలం ఉదయం ఆయన పనసచెట్టు కిందే కన్ను మూశారు. సందంతా వచ్చింది. చేపలబుట్టలు దించి, డ్యూటీలు మానుకుని వచ్చారు. నాన్నగారు గుండు చేయించుకుని నిప్పుకుండ పట్టుకుని ముందు నడిచారు, కొరివి పెట్టారు. పన్నెండు రోజులూ పద్ధతి ప్రకారం జరిగాయి. ఆఖరి రోజున సందులోవాళ్ళందరికీ తోటలోనే భోజనాలు. తిని లేచాక నూకాలమ్మ నాన్నగారి దగ్గరికి వచ్చి రెండు చేతులూ జోడించింది.

"బాబూ, తోటమాలికి కొరివెట్టి, గుండు సేయించుకున్న దొరని నానెక్కడా సూడ్నేదు. తమ్మల్ని కన్నోలు ఎవులో గానీ మారాజులు."

నాన్నగారు చెప్పడానికి నోరు తెరిచారు. ఆ క్షణాన ఆయన ఏ వంశంవారో, పోయిన మనిషి ఎవరో సందంతా తెలుసుకోవలసి ఉంది. ఆయన ఆమెను చూశారు, ఎంగిలి విస్తళ్ళు తీస్తూ ఏడుస్తున్న సింహాచలాన్ని చూశారు. "మహారాజేనమ్మా" అని ఊరుకున్నారు.

ఆ సందులో ఇప్పుడు నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. బావి పూడ్చేశారు. సంపెంగ వంగి చూసిన చోట ఆయిలు ట్యాంకర్లు వరసగా నిలబడతాయి. నాన్నగారు రిటైరైన ఏడాది ఇల్లూ తోటా కలిపి ఒక లారీల కాంట్రాక్టరుకు అమ్మేశాం. చెట్లకు విడిగా ధర కట్టలేదు.