ఇరవై ఆరో నంబరు డబ్బా

నేను చేస్తున్న పరిశోధన ఏంటో మా అమ్మ తెనాలిలో ఎవరికీ సరిగ్గా చెప్పలేదు. ఎలా చెబుతుంది? రేపల్లె దగ్గర ఒక ఊళ్ళో, నాట్లు వేసే ఆడవాళ్ళ మలం పరీక్ష చేస్తున్నానంటే వినేవాళ్ళు ముక్కు మూసుకోరూ! "మా అమ్మాయి రక్తం మీద చదువుతోంది" అనేది. అదీ నిజమే. చెప్పుల్లేని కాళ్ళతో బురదలో నిలబడితే కొంకిపురుగు చర్మంలోంచి ఒంట్లోకి దూరుతుంది, పేగుల్లో చేరి రక్తం పీలుస్తుంది. ఎనభైల చివర్లో యూనివర్సిటీలో నాకు అప్పగించిన పని, ఆ పురుగు ఎవరిలో ఉందో, వాళ్ళకి రక్తం ఎంత తగ్గిందో చూడటం.

రేపల్లె పాసింజరులో వెళ్ళేదాన్ని. సంచిలో మూతలున్న చిన్న ప్లాస్టిక్ డబ్బాలు, ఒక్కోదాని మీద ఒక నంబరు. ఒకరోజు ఇంటింటికీ ఇచ్చి, మర్నాడు పొద్దున్నే వెళ్ళి తెచ్చుకోవాలి. మొదటి వారం సిగ్గుతో నోరు పెగిలితేగా! చర్చి పక్క సందులో ఒకామెకు ఇరవై ఆరో నంబరు డబ్బా ఇచ్చి, "రేపు పొద్దున ఇందులో కాస్త పెట్టివ్వండి పిన్నీ" అని గబగబా వచ్చేశాను. ఏం పెట్టాలో చెప్పలేదు. మర్నాడు మూత తీస్తే నిండా గోంగూర పచ్చడి.

"ఇదేంటి పిన్నీ?"

"కాస్త పెట్టమన్నావు గదమ్మా. ఎవరి గిన్నైనా ఖాళీగా ఎట్టా తిరిగిస్తాం? తిను, పాలిపోయి ఉన్నావు, రక్తం పడుద్ది."

చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది నేనే. అప్పుడు అసలు సంగతి చెప్పాను. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని నవ్వీ నవ్వీ గుమ్మంలో కూలబడింది. నవ్వు ఆగింది కానీ ఆయాసం ఆగలేదు. దగ్గరికెళ్ళి కింది కనురెప్ప లాగి చూశాను. సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది.

మర్నాడు ఇంకో డబ్బా ఇచ్చింది, మొహం పక్కకు తిప్పుకుని. పరీక్షలో ఆ పురుగు గుడ్లు లెక్కలేనన్ని కనబడ్డాయి. వేలికొన పొడిచి తీసిన రక్తం నీళ్ళలా ఉంది.

ఇవ్వాల్సిన మందు పెద్దదేం కాదు. నులిపురుగుల మాత్ర ఒకటి, కొన్ని నెలలు ఐరన్ మాత్రలు. కానీ మా పద్ధతి ప్రకారం బేసి నంబర్లకు ఇప్పుడు, సరి నంబర్లకు ఆరు నెలల తర్వాత ఇవ్వాలి. మందు తిన్నవాళ్ళకీ తిననివాళ్ళకీ తేడా చూడాలి కదా. ఆమెది సరి నంబరు. పరిశోధన చేయిస్తున్న మా సారుని బతిమాలాను.

"ఇవాళ ఈమెకిస్తావు, రేపు ఇంకొకామెకిస్తావు. ఇక నువ్వు రుజువు చేసేదేంటమ్మా? రుజువైతే అన్ని ఊళ్ళకీ మందులొస్తాయి" అన్నారాయన.

నేను నమ్మాను. ఇప్పటికీ సగం నమ్ముతాను, నా బాధంతా అదే. రెండుసార్లు మాత్రలు సంచిలో పెట్టుకుని ఆమె గుమ్మం దాకా వెళ్ళి, ఇవ్వకుండానే తిరిగొచ్చాను.

"నా పచ్చడి తిని డబ్బా దాచేసుకున్నావే!" అని వేళాకోళమాడేది.

"ఆరు నెలలు ఆగండి పిన్నీ, అదే డబ్బాలో మందులు నింపి తెస్తాను."

"ఖాళీగా తెచ్చావంటే గుమ్మం ఎక్కనివ్వను."

తర్వాత ల్యాబు పనిలో పడి కొన్ని నెలలు ఆ ఊరు వెళ్ళలేదు. ఆరు నెలలకు నిండు డబ్బాతో వెళ్ళాను. తలుపుకి తాళం.

"ఒంగి నాటెయ్యటానికి ఓపిక లేదమ్మా దానికి" అంది పక్కింటావిడ. "కూర్చుని చేసే పనని వేటపాలెం జీడిపప్పు షెడ్లకి పోయింది, రెండు నెలలైంది. పోయేదాకా నీకోసం చూసింది."

నా నోటుపుస్తకంలో ఆమె పేరు కూడా లేదు, ఇరవై ఆరు అని ఉందంతే. పక్కింటావిడను అడిగి రాసుకున్నాను.

వేటపాలెంలో మూడు షెడ్లు తిరిగాను. చివరి షెడ్డులో ఆ పేరున్న వాళ్ళు నలుగురు బయటికొచ్చారు, జీడి రసానికి నల్లబడ్డ చేతులతో. నలుగురిలో ఆమె లేదు. "ఎవరమ్మా నువ్వు?" అన్నారు. ఒక్కొక్కరి కనురెప్పా లాగి చూశాను. అన్నీ తెల్లగానే ఉన్నాయి. డబ్బాలో మాత్రలు నలుగురికీ పంచేశాను. ఈసారి ఏ సారునీ అడగలేదు.

థీసిస్ ఒప్పుకున్నారు. తొంభైల్లో బాపట్లలో పాఠాలు చెప్పే ఉద్యోగం వచ్చింది. "మందివ్వని వాళ్ళు ఎందుకు మేడమ్?" అని పిల్లలడిగితే సరిగ్గానే చెబుతాను. ఆ పూట మాత్రం అన్నం సయించదు. స్టేషన్లో వేటపాలెం వైపునుంచి బండి వస్తే ఆడవాళ్ళ పెట్టెలోకి చూడకుండా ఉండలేను.

ఎక్కడున్నారో పిన్నీ, అసలు ఉన్నారో లేదో. ఒక్కసారి కనబడితే చాలు. గుమ్మం ఎక్కనివ్వకపోయినా ఫర్వాలేదు, బయటే నిలబడి మూత తీసి చూపిస్తాను. గడువు దాటిన మాత్రలు తీసేసి, ఏటా కొత్తవి నింపుతున్నాను.