ఎండకు గుత్తకిచ్చిన పత్తి చేను

మా అపార్ట్‌మెంట్ మీద సోలార్ పలకలు పెట్టాలా వద్దా అని కమిటీలో నెలల తరబడి కొట్టుకున్నాం. చివరికి విసుగొచ్చి, అసలు కరెంటు పుట్టే చోటు చూసొస్తానని చెప్పి బయటపడ్డాను. బళ్లారి వెళ్తే బొగ్గు, గాలి, ఎండ మూడూ ఒక్క రోజులో చూడొచ్చని ఎవరో అన్నారు. గుంతకల్లులో పొద్దున ప్యాసింజర్ ఎక్కాను. గంటన్నరలో చేరాల్సిన బండికి మూడు గంటలు పట్టింది. బొగ్గు గూడ్సులు వచ్చినప్పుడల్లా మమ్మల్ని పక్కన నిలబెట్టారు. దిగేసరికే నడుం పడిపోయింది.

స్టేషన్ బయట నలభై రూపాయలకు ఉగ్గాని, బజ్జీ తిని, వన్నూరప్ప అనే ఆయన ఆటో రోజంతటికీ పన్నెండు వందలకు మాట్లాడుకున్నాను. యాభై దాటిన మనిషి. హోసపేట రోడ్డులో ముప్పావుగంట పోయాక థర్మల్ కేంద్రం పొగగొట్టాలు కనిపించాయి. లోపలికి పోనివ్వరు, రోడ్డు మీద నుంచే చూడాలి. దూరంగా గుట్టల మీద గాలిమరలు తీరిగ్గా తిరుగుతున్నాయి.

"బొగ్గూ కావల్లంట, గాలీ కావల్లంట, ఎండా కావల్లంట. ఏదీ ఇడిచిపెట్టల్లేదప్పా," అన్నాడు వన్నూరప్ప.

"మరి మీ ఊళ్లో కరెంటు ఉంటుందా?"

"ఉంటాది. పోయినప్పుడు ఉండదు."

సోలార్ కూడా చూపించమన్నాను. "మా చేనికాడికే పోదాం పా. దాన్ని ఎండకి గుత్తకిచ్చినారు," అన్నాడు. గుత్త అంటే కౌలని తెలుసు. ఎండ ఎవరో తెలియలేదు. ఆ ఊరి ఆసామి అయి ఉంటాడనుకుని, "ఎండ గారిది ఏ ఊరు?" అని అడిగాను. ఆయన ఆటో పక్కకు ఆపి మరీ నవ్వాడు.

"మనిషి కాదప్పా! పైన మండుతాండాది సూడు, అది!"

చేను ఒక కోస్తా రైతుది. ఆయన కాలువ కింద క్యాంపులో, అంటే వలస వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్లో, స్థిరపడ్డాడు. ఏళ్లుగా గుత్తకు చేసింది వన్నూరప్ప. ఇప్పుడా రైతు దాన్ని సోలార్ కంపెనీకి ఇచ్చేశాడు. "నన్ను తీసేసి ఎండని పెట్టుకున్యాడు. తప్పేముండాది? వాన రాలేదు, గుత్త తగ్గించప్పా అని ఎండ అడగదు కదా," అన్నాడు. ఈసారి నవ్వలేదు.

మేం చేరేసరికి మధ్యాహ్నం దాటింది. సగం చేలో ఇనప స్తంభాలు పాతేశారు. మిగతా సగంలో పత్తి ఇంకా నిలబడే ఉంది. ఒక్క ఆడమనిషి ఒడి కట్టుకుని ఏరుతోంది. ఆయన భార్య ఈరమ్మ. మమ్మల్ని చూసి నడుం కూడా ఎత్తలేదు.

"ఏంది, ఇప్పుడా వచ్చేది? సంజకి మిషిన్ వస్తాదని తెలీదా? ఒక్కదాన్నే ఎంతని ఏరేది?"

"బాడిగ వచ్చె. ఇడవబుద్ధి కాలేదే," అన్నాడు వన్నూరప్ప మెల్లగా.

నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ల ఆఖరి పంటకు మిగిలింది ఆ ఒక్క పూట. సాయంత్రం చేను చదును చేసే మిషిన్ వస్తే, చేతికి రానిదంతా మట్టిలో కలిసిపోతుంది. ఆ పొద్దంతా ఆయన నాకు పొగగొట్టాలు చూపిస్తూ తిరిగాడు. నేనూ ఒక సంచీ తీసుకుని సాలులోకి దిగాను. ఎండిన కాయల మొనలు గుచ్చుకుని వేళ్లు మండాయి. ఈరమ్మ మూడు సాళ్లు ఏరేలోగా నేను ఒక్కటీ పూర్తి చేయలేకపోయాను.

పొద్దు వాలకముందే మిషిన్ వచ్చింది. వెంట వచ్చిన సూపర్‌వైజర్ కన్నడంలో, "సాకమ్మా, బిడి," అన్నాడు. ఇక చాలు, వదిలేయమని. గొంతులో కసురు లేదు, ఆయనా అలిసిపోయి ఉన్నాడు. ఈరమ్మ దూది ఏరడం మాని, విచ్చినవీ పచ్చివీ చూడకుండా కాయలకు కాయలే తెంపడం మొదలుపెట్టింది.

"పచ్చివెందుకమ్మా?" అన్నాను.

"మిద్దె మీద ఆరేస్తే కొన్నన్నా పగులుతాయప్పా. చేనంతా తీసుకునింది కదా ఎండ, ఈ మాత్రం చేయదా?"

మిషిన్ వెనక నుంచి వస్తూనే ఉంది. ఆమె దాని ముందు నడుస్తూ తెంపుతూనే ఉంది.

ఆ రాత్రి లాడ్జీలో ఫ్యాన్ వేసుకుని పడుకున్నాను. కరెంటు కావాలి, నాకూ కావాలి. రైతు తన చేను తనకు నచ్చినవాళ్లకు ఇచ్చుకున్నాడు, కంపెనీ తన పని చేసుకుంది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఇంకా నీరసపడ్డాను.

ఇటు వెళ్లాలనుకునేవాళ్లకు ఒక్క మాట. పత్తి తీసే రోజుల్లో రోజంతటికీ ఆటో మాట్లాడుకుంటే, బాడిగ ఎంతని అడిగే ముందు, ఆ రోజు ఆయనకు చేలో పనుందేమో అడగండి.