గంట మాస్టారి మూడు నిమిషాలు

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి గంట మాస్టారు ఎవరితోనూ ఏకీభవించిన పాపాన పోలేదు. బళ్లో లెక్కలు చెప్పేవారు. జేబులో చిన్న ఇత్తడి గంట ఉండేది. ఎవరేమన్నా సరే, "వ్యతిరేకిస్తున్నాను" అని గంట కొట్టి, సరిగ్గా మూడు నిమిషాలు వాదించి, మళ్ళీ గంట కొట్టి ఆపేసేవారు. సెకను అటూ ఇటూ అయ్యేది కాదు.

"ఎండ మండిపోతోందండీ" అన్నాడొకసారి బడి గుమాస్తా.

"వ్యతిరేకిస్తున్నాను. రుజువు చేసే బాధ్యత అన్నవాళ్ళది. ఏదీ రుజువు?"

రుజువు గుమాస్తా నెత్తిమీదే మండుతోంది. మూడు నిమిషాలూ ఎండలోనే నిలబడి విన్నాడు.

పళ్ళ డాక్టరు పన్ను పీకాలంటే, నోరు తెరిచి ఉంచే వ్యతిరేకించారు. ఆఖరికి డాక్టరే పన్ను ఉంచేద్దామన్నాడు. మర్నాటికి బుగ్గ బంతిలా వాచింది. "వాదనలో లోపం లేదు, పన్నులోనే ఉంది" అన్నారు మాస్టారు.

ఆయన నడిపే చర్చా జట్టు పిల్లలకి ఒకటే నియమం. ఖండించేముందు, అవతలివాడి మాటని అవతలివాడికంటే బాగా చెప్పాలి. వాడు "నేననేదీ అదే" అని ఒప్పుకున్నాకే ఖండన.

ఊరంతా నవ్వుకుంటుంటే, పక్క గదిలో చరిత్ర మాస్టారికి మాత్రం కడుపు రగిలిపోయేది. పదకొండేళ్ళుగా ఆ జట్టు మీదే ఆయన ప్రాణమంతా. ఇంటికెళ్తే భార్య నోట కూడా గంట మాస్టారి పొగడ్తే.

"అన్నయ్యగారు ఎంత బాగా మాట్లాడతారండీ! మీరూ ఉన్నారు..."

"ఉన్నాను. అయితే ఏంటి?"

"ఏం లేదు. ఉన్నారంటున్నానంతే."

ఆ ఉక్రోషంలో తనూ ఒక గంట కొన్నాడు. పడగ్గదిలో కొట్టి చూసుకుంటే, ఎవరో వచ్చారనుకుని ఆవిడ వెళ్ళి వీధి తలుపు తీసింది.

ఆ ఏడాది హెడ్మిస్ట్రెస్ కొత్త పద్ధతి పెట్టింది. జట్టు కావాలనుకునేవాళ్ళు మాస్టర్ల సమావేశంలో మూడేసి నిమిషాలు మాట్లాడాలి. తర్వాత అందరూ చేతులెత్తి తేల్చాలి. చరిత్ర మాస్టారు వారం రోజులు అద్దం ముందు సాధన చేశాడు. తీరా లేచేసరికి నాలుక పిడచకట్టుకుపోయింది.

"నేను... పిల్లలకి... భయం..." అని కూర్చుండిపోయాడు. ఇంకా రెండున్నర నిమిషాలు మిగిలే ఉన్నాయి.

గంట మాస్టారు లేచి గంట కొట్టారు.

"వ్యతిరేకిస్తున్నాను. ముందు వారి వాదన చెబుతాను. నా జట్టులోకి వచ్చేది నోరున్న పిల్లలే. నోరు పెగలని పిల్లలు కూడా చరిత్ర క్లాసులో రాజు తరఫున ఒకడు, సైనికుడి తరఫున ఒకడు పోట్లాడుకుంటారు. గోడ ఇవతలనుంచి పదకొండేళ్ళుగా వింటున్నాను. భయమంటే తెలిసినవాడే భయం పోగొట్టగలడు. అంతేనా?"

"నే... నేననేదీ అదే" అన్నాడు చరిత్ర మాస్టారు.

"ఇంకా ఉంది. రెండో అంశం..."

రెండో అంశం అయింది, మూడోదీ అయింది. "ఇక నా ఖండన" అంటూ మాస్టారు గొంతు సవరించుకున్నారు. గడియారం చూసుకున్నారు. తన గంట తనే కొట్టుకుని, "అయ్యో, టైమైపోయింది" అని కూర్చున్నారు.

అన్ని చేతులూ చరిత్ర మాస్టారి పక్షానే లేచాయి. వద్దంటూ ఒక్క చెయ్యి లేచింది. అది గంట మాస్టారిది.

చరిత్ర మాస్టారు వరండాలో ఆయన్ని పట్టుకున్నాడు. "మీకు టైము తప్పడమేంటండీ? కావాలనే ఓడిపోయారు."

"వ్యతిరేకిస్తున్నాను. రుజువు చేసే బాధ్యత మీది" అంటూ ఆయన చక్కా వెళ్ళిపోయారు.

దారి పొడుగునా చరిత్ర మాస్టారికి కుళ్ళు తగ్గలేదు. జట్టు దక్కింది, సంతోషమే. కానీ తన మాట కూడా తనకంటే ఆయనే బాగా చెప్పాడే! గుమ్మంలోనే భార్య ఎదురొచ్చింది.

"గెలిచారటగా! అన్నయ్యగారు ఎంత బాగా ఓడిపోయారటండీ!"

చరిత్ర మాస్టారు మొహం ముడుచుకోబోయాడు. చివరికి నవ్వేశాడు.

"నేననేదీ అదే" అన్నాడు.