మరిదికి దగ్గర, చెల్లెలికి దూరం

చొక్కాలు కుట్టే ఆ దుకాణంలో ఆమెను అందరూ కాలర్లక్క అంటారు. చొక్కా ఎవరు కుట్టినా కాలరు మాత్రం ఆమె చేతిమీదుగా పోవాల్సిందే. మెడ దగ్గర కుట్టు వీసమెత్తు వంకరపోయినా ఊరుకోని మనిషి, ఇంట్లో మాత్రం పెళ్లయిన దగ్గర్నుంచీ నోరెత్తి ఎరగదు.

ఆ ఇంట్లో ఒక వింత ఉంది. మరిది ఉండే నగరం ఆరువందల కిలోమీటర్ల దూరం. విమానంలో అయితే గంట పైచిలుకు. మరిది ఇల్లు మారాడా, "ఎంతసేపు, గంట ప్రయాణం! సామాన్లు సర్దిపెట్టి వచ్చెయ్" అంటూ భర్త టిక్కెట్టు చేతిలో పెట్టేవాడు. తోటికోడలికి జ్వరం తగిలిందా, మళ్లీ అదే గంట. కాలర్లక్క మిషను మీద గుడ్డ కప్పి, వెళ్లి, వండి వార్చి వచ్చేది. ఆమె చెల్లెలు ఉండేదీ మరిది ఉన్న ఆ ఊళ్లోనే; అయినా ఆ ప్రయాణాల్లో చెల్లెలి గడప తొక్కే తీరిక దొరికేది కాదు. కానీ చెల్లెలి పేరెత్తితే చాలు, అదే ఊరు ఏడు సముద్రాల అవతలికి జరిగిపోయేది. "అమ్మో, అంత దూరమా! ఆలోచించి చెప్తాను" అనేవాడు భర్త. ఆ ఆలోచన ఏనాడూ తెమిలేది కాదు. విమానం అదే, ఆకాశం అదే. ఈ లెక్క ఏ బళ్లో నేర్పారో ఆ మహానుభావుడికి!

మొన్న చెల్లెలు ఫోన్ చేసింది. కడుపులో గడ్డ, గురువారం ఆపరేషన్. ఒంటరి మనిషి.

"మెలకువొచ్చేసరికి ఎవరైనా పక్కనుంటే బాగుండుననిపించిందక్కా. ఊరికే చెప్పాన్లే" అంది.

ఆ 'ఊరికే' కాలర్లక్క గుండెలో గుచ్చుకుంది. తన చేతులతో జడలు వేసి పెంచిన పిల్ల మరి.

విషయం చెబితే భర్త ఎప్పటిలాగే ఆలోచనలో పడ్డాడు. కాలర్లక్క తన జీతంతో, తన ఫోన్లో తానే టిక్కెట్టు తీసుకుంది. బుధవారం పొద్దున్నే సంచి భుజాన వేసుకుని హాల్లోకి వచ్చింది.

"ఇదేమిటి, ఒక్క మాటైనా అడక్కుండానే?" అంది అత్తగారు, చదువుతున్న పేపరు దించి.

"మీ చిన్నబ్బాయి ఇల్లు మారినప్పుడు నన్నెవరైనా అడిగారా అత్తయ్యా?"

భర్త సగం గడ్డం గీసుకుని పరుగున వచ్చాడు. "మరి వంటో?"

"వంటగది అంత దూరమేం కాదండీ. నడిచే వెళ్లొచ్చు."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందంటే ఆమెకే నమ్మకం కలగలేదు. అయినా చెప్పులు వేసుకుని మెట్లు దిగింది.

ఆపరేషన్ అయ్యాక చెల్లెలు కళ్లు తెరిచి, అక్క చెయ్యి తడిమి చూసుకుని, నిశ్చింతగా మళ్లీ పడుకుంది. కాలర్లక్కకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్లూ అడిగి అడిగి ఆగిపోయినందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

చెల్లెలు ఆమె చెయ్యి పట్టుకుని మొదటిసారి వరండాలో నడుస్తుండగా భర్త ఫోన్ చేశాడు.

"ఆపరేషన్ అయిపోయిందిగా! రేపు వచ్చెయ్. ఎంతసేపు, గంట ప్రయాణం."

కాలర్లక్క చెల్లెలి మోచెయ్యి వదల్లేదు. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుంది.

"అమ్మో, అంత దూరమా!" అంది. "ఆలోచించి చెప్తాను."