నంద్యాల–ఆళ్లగడ్డ టోకెను

1988. నంద్యాలలో రైల్వే స్టేషను దారిలో ఒక విత్తనాల కంపెనీ. కింద గోడౌను, పైన ఆఫీసు. ఆఫీసులో చల్లటి గాలి వచ్చే గది ఒక్కటే, అది కంప్యూటరుకు కట్టించింది. దాని పుణ్యాన నాకూ కొంచెం చల్లగాలి దక్కేది. నేను చదివింది పదో తరగతి. లేబుళ్ళ గుమాస్తాగా చేరినవాణ్ణి, మిషనుతో పాటు వచ్చిన లావుపాటి మాన్యువళ్ళను డిక్షనరీ పక్కన పెట్టుకొని చదివి ప్రోగ్రాములు రాయడం నేర్చుకున్నాను. ఈ మాట చెబితే ఇప్పటికీ నవ్వేవాళ్ళున్నారు. నవ్వుకోనీ.

ఈ కాలపు ప్రోగ్రామర్లు ఈ వెర్షన్ కంట్రోల్ టూలు గొప్పదా, ఆ టూలు గొప్పదా అని కొట్లాడుకుంటుంటే వింటుంటాను. వెర్షన్ కంట్రోల్ అంటే ఏమిటో తెలియనివారికి చెబుతాను. ఒక ప్రోగ్రామును పదిసార్లు మారుస్తాం. ఏ మార్పు తర్వాత అది ఎలా ఉండిందో, ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో దాచిపెట్టి, కావాలంటే పాతదాన్ని తిరిగి చేతికిచ్చే ఏర్పాటు అది. ఆ తగవు మాకూ ఉండేది. మేమంటే ఇద్దరమే. నంద్యాలలో నేను, ఆళ్లగడ్డలో సువార్తమ్మ.

ఆళ్లగడ్డలో కంపెనీకి విత్తనాలను జల్లించి, సంచులకెత్తి, ట్యాగులు కుట్టే ప్లాంటు ఉండేది. ట్యాగు అంటే సంచి మూతికి కుట్టే చీటీ. విత్తనం రకం, లాట్ నంబరు, మొలక శాతం, ఏ తేదీ వరకు పనికొస్తుందన్న వివరం, అన్నీ దాని మీద ఉండాలి. రైతు నమ్మేది ఆ చీటీనే. ఆ చీటీలు అచ్చువేసే ప్రోగ్రామును మేమిద్దరం కలిసి రాశాం. సువార్తమ్మ తండ్రి కొత్తపల్లెలో చర్చి బడి టీచరు. ఆమె కర్నూలులో కంప్యూటరు కోర్సు చదివి వచ్చింది. మనిషి తక్కువ మాట్లాడేది, మాట్లాడితే సూటిగా తగిలేది.

మొదట్లో మాకు ఏ టూలూ లేదు. ప్రోగ్రాము మార్చిన ప్రతిసారీ కొత్త పేరు పెట్టి ఇంకో నకలు దాచేవాళ్ళం. ట్యాగ్‌న్యూ, ట్యాగ్‌న్యూ2, ట్యాగ్‌లాస్ట్. లాస్ట్ తర్వాత కూడా మార్పులు వస్తాయి కాబట్టి ట్యాగ్‌ఫైనల్, ఆ తర్వాత ట్యాగ్‌ఫైనల్2. ఒకసారి నేను ఇక్కడ మారుస్తుండగానే ఆమె అక్కడ మార్చింది. ఆమె పంపిన ఫ్లాపీలోని ప్రోగ్రాము వచ్చి నా నకలు మీద కూర్చుంది. నా వారం పని గల్లంతు. ఫోనులో అరిచాను. "అరిస్తే వస్తాదా అన్నా? వస్తాదంటే నేనూ అరుస్తా," అంది.

అప్పుడు మా యునిక్స్ మిషనుతోనే వచ్చిన ఎస్.సి.సి.ఎస్. అనే టూలు పట్టుకున్నాం. దాంట్లో ఒకరు ఫైలును చెకౌట్ చేస్తే, అంటే మార్చడానికి బయటికి తీసుకుంటే, దానికి లాక్ పడుతుంది. వాళ్ళు మార్చి తిరిగి చెకిన్ చేసేదాకా ఇంకొకరు దాన్ని ముట్టుకోలేరు. బాగానే ఉంది గానీ, ఆ లాక్ ఒక మిషనులోనే చెల్లుతుంది. మా మిషన్లు రెండు, వాటి మధ్య తీగ లేదు. ఉన్నదల్లా ఆర్టీసీ బస్సు.

నంద్యాలవాళ్ళం కాబట్టి దారి దొరికింది. మా ఊరి మీదుగా పోయేది ఒంటిపట్టా రైలు మార్గం. ఎదురెదురుగా రెండు బళ్ళు రాకుండా డ్రైవరుకు టోకెను ఇస్తారు. అది చేతిలో లేకుండా బండి కదలదు. చిన్నప్పటి నుంచి స్టేషనులో ఆ టోకెను వలయాన్ని అందుకునేవాళ్ళను చూస్తూ పెరిగాను. నేనూ ఒక చెక్క బిళ్ళకు ఎర్ర రంగు పూసి ఫ్లాపీ కవరుకు కట్టాను. బిళ్ళ ఏ ఊళ్ళో ఉంటే ప్రోగ్రామును మార్చే హక్కు ఆ ఊరిది. బిళ్ళ లేనివాళ్ళు చదువుకోవచ్చు, మార్చకూడదు. కవరును కండక్టరు చేతికిచ్చి పంపేవాళ్ళం. "ఏంది సామీ, ఈ బిళ్ళ యాడన్నా పడిపోతే మీ కంపెనీ మూతపడ్తాదా?" అని ఒక కండక్టరు ఎప్పుడూ ఎగతాళి చేసేవాడు. అయినా కవరును ఎన్నడూ సీటు కింద వేయలేదు, తన సంచిలోనే పెట్టుకునేవాడు.

తర్వాత మద్రాసులో పనిచేసే ఒక పరిచయస్థుడు ఆర్.సి.ఎస్. అనే ఇంకో టూలును టేపులో ఇచ్చాడు. రెండింటిలో ఏది ఉంచుకోవాలో పోల్చి రాసివ్వమన్నాడు మా మేనేజరు. రెండూ నడిపి చూశాను. ఎస్.సి.సి.ఎస్. అన్ని వెర్షన్లనూ కలిపి ఒకే జడలా అల్లి దాస్తుంది. ఏది కావాలన్నా జడంతా విప్పి చూడాల్సిందే. ఆర్.సి.ఎస్. ఇప్పటి వెర్షన్‌ను నిండుగా ఉంచుకొని, పాతవాటికి ఎలా వెనక్కి నడవాలో మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. మాకు రోజూ కావాల్సింది ఇప్పటిదే, మా మిషను నిదానం మనిషి, కాబట్టి రెండోది మేలు, చివరికి దాన్నే ఉంచుకున్నాం. పైగా దాంట్లో ఒక రోజున్న ఫైళ్ళన్నిటికీ కలిపి ఒక పేరు పెట్టుకోవచ్చు. మేము ఖరీఫ్, రబీ అని పెట్టుకున్నాం. పోయిన రబీలో ఎలా ఉండిందో చూపించమంటే చూపిస్తుంది. ఇదంతా విడమరచి రాసి, చివర్లో, రెండింటిలోనూ ఏ మార్పు ఎవరు చేశారో ఎప్పుడైనా తెలుసుకోవచ్చు అని ఒక వాక్యం చేర్చాను. మేనేజరు మిగతాదేమీ చదవలేదు. ఆ చివరి వాక్యం కింద గీత గీసుకున్నాడు.

చెకిన్ చేసేటప్పుడు టూలు ఒక ప్రశ్న అడుగుతుంది. ఏం మార్చారు, ఎందుకు అని. దానికి జవాబుగా ఒకటి రెండు ముక్కలు రాయాలి. సువార్తమ్మ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేది. 'లాట్ నంబరు పొడుగు చేసినా. వాన. కరెంటు రెండుసార్లు పోయె.' ఇంకోసారి, 'రకం పేరు సరిచేసినా. ఈడ గాలిదుమారం, గింజల దుమ్మంతా నా నోట్లోనే.' నా భార్య పోయి అప్పటికి కొన్నేళ్ళు. ఇంట్లో మాట్లాడే మనిషి లేదు. ఆఫీసులో ఉన్నవాళ్ళకు నా గదిలో ఏం జరుగుతుందో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. నా పని అర్థమయ్యే మనిషి ఒక్కరే, ఆ మనిషి బస్సు దూరంలో ఉంది. కవరు రాగానే ముందు ఆ ముక్కలు చదివి, ప్రోగ్రాము సంగతి తర్వాత చూసేవాణ్ణి.

ఆ ఏడు రబీ విత్తనాల కాలంలో ఒక కవరు వచ్చింది. రాసిన నోట్ 'తేదీ మార్పు' అని ఉంది, అంతే. వాన లేదు, కరెంటు లేదు. నాకు బాగనిపించలేదు. డిఫ్ నడిపాను. డిఫ్ అంటే రెండు వెర్షన్లను పక్కపక్కన పెట్టి తేడా చూపించేది. తేడా ఒక్క లైను. పనికొచ్చే గడువును మొలక పరీక్ష చేసిన తేదీ నుంచి లెక్కగట్టాలి. చట్టం అదే, ప్రోగ్రామూ అదే చేసేది. ఇప్పుడు సంచికెత్తిన తేదీ నుంచి లెక్కగడుతోంది. అంటే గోడౌనులో మురిగిన పాత పొద్దుతిరుగుడు విత్తనం కూడా చీటీ మీద కొత్తదైపోతుంది.

ఫోను చేశాను. లైను కలిసేసరికి మధ్యాహ్నం దాటింది.

"మేనేజరు సారు ఈడికే వచ్చినాడన్నా. నా కుర్చీ యెనకాల నిలబడి మార్చమన్నాడు. ఇది తప్పు సార్ అంటి. నీకు జీతమిచ్చేది కంపెనీనా, మిషనా అన్నాడు."

"నోట్‌లో ఆయన చెప్పినాడని రాయకపోయినావా?"

"రాయబోతి. నా పేరు యాడా రాయాకు అన్నాడు. అందుకే బిళ్ళ బిరీన పంపించినా. నువ్వు చూస్తావని."

చూశాను. టోకెను నా దగ్గర ఉంది కాబట్టి ఒక్క కమాండుతో పాత వెర్షన్‌ను తీసి, దాన్నే కొత్తదిగా పెట్టి, అందుకున్న బస్సులో తిరిగి పంపాను. టూలు పని టూలు చేసింది. అయితే ఆ లోపల అచ్చయిన ట్యాగులు సంచులకు కుట్టేశారు, లారీ రుద్రవరం వైపు వెళ్ళిపోయింది. మేనేజరు దగ్గరికి పోయి సంచులు వెనక్కి రప్పించమన్నాను. "మొలుస్తాయిలేప్పా, నువ్వు మిషను చూస్కో," అన్నాడు. రుద్రవరం డీలరుకు నేనే ఫోను చేశాను. సంచులు అమ్ముడుపోయి పొలాలు చేరాయన్నాడు.

మొలవలేదు.

రైతులు ఆళ్లగడ్డ ప్లాంటుకు వచ్చారు. కర్నూలు నుంచి యజమాని కూడా దిగాడు. నన్ను మిషను వివరాలతో రమ్మన్నారు. నేను పోయేసరికి గోడౌనులో అందరూ నిలబడి ఉన్నారు. ముందు వరసలో ఓబులేసు అనే ముసలి రైతు భుజం మీది టువాలు విప్పి నేల మీద పరిచాడు. నల్లమట్టిలోంచి తవ్వి తీసిన గింజలు, ఉబ్బి, మెత్తబడి, అలాగే ఉన్నాయి.

"వాన పడినాక మంచి పదునులో ఏసినాం సామీ. ఒక్క గింజా లేయల్యా. పదును పాయె, కాలం పాయె. చీటీ మీద బాగుండాయని రాసుండారు గదా. అది ఎవురు రాసినారో ఆ మనిషిని సూపించండి."

మేనేజరు దానికోసమే కాచుకున్నట్టున్నాడు. నా రిపోర్టు తీసి, తను గీత గీసుకున్న వాక్యాన్ని యజమానికి చదివి వినిపించాడు. "ఈయన రాసిందే సార్. ఎవరు మార్చినారో టూలు చెబుతాదంట. అడగండి."

యజమాని నా వైపు చూశాడు. గోడౌను మూలనున్న మిషను ముందు కూర్చొని లాగ్ తెప్పించాను. లాగ్ అంటే మార్పుల చిట్టా. ఆ లైను పక్కన తేదీ ఉంది, సువార్తమ్మ పేరు ఉంది. నేను ఏరికోరి మెచ్చుకున్న టూలు నా కళ్ళ ముందే ఆమె పేరు అచ్చువేసి చేతికిచ్చింది.

"ఆమె పేరే ఉండాది గదా మద్దిలేటీ?" అన్నాడు యజమాని.

"పేరు ఆమెదే సార్. మాట ఈయనది. కుర్చీ వెనక నిలబడి మార్పించినాడు. వేళ్ళు ఎవరివో ఈ టూలుకు తెలుసు. నోరు ఎవరిదో దీనికి తెలీదు."

"నోటిమాటకు సాక్ష్యమేంది?" అన్నాడు మేనేజరు, తాపీగా.

పక్కనే నిలబడ్డ సువార్తమ్మను అడిగారు. ఆమె ఓబులేసు పరిచిన టువాలు వైపే చూస్తూ చెప్పింది. "సారు చెప్పినాడు, నేను మార్చినా. చెప్పిందీ నిజమే, మార్చిందీ నిజమే."

రెండో నిజాన్ని మాత్రమే రాసుకున్నారు. రైతులకు వేరే విత్తనం ఇచ్చి పంపారు, పోయిన పదును ఎవరిస్తారు? సువార్తమ్మను పనిలోంచి తీసేశారు. మేనేజరు అదే కుర్చీలో చాలా ఏళ్ళు కూర్చున్నాడు. ఇప్పటికీ ఆ గోడౌను తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది. అంతమంది పెద్దవాళ్ళం ఉండి, ఒక మిషను అచ్చువేసిన పేరుకు ఇచ్చిన విలువ ఎదురుగా నిలబడ్డ మనిషి మాటకు ఇవ్వలేదు.

ఆ సాయంత్రం ఆమె తన సామాన్లు ఒక చేతిసంచిలో సర్దుకుంది. నేనూ మానేస్తానన్నాను.

"మానేస్తే ఏమొస్తాదన్నా? రేపు ఆ లైను మళ్ళీ మారుస్తారు. ఇంకొకరి పేరు పడ్తాది. పోయినోళ్ళు పోనీ, నువ్వుండు."

"ఒక్కణ్ణే ఉండి ఏం చేసేది?"

"డిఫ్ చేయి," అంది. మొహంలో నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. ఎర్ర బిళ్ళ నా చేతిలో పెట్టింది. "ఇది ఇంక నీకాడే పెట్టుకో. ఈడ దీన్ని అడిగేవాళ్ళు ల్యారు."

ఆమె కొత్తపల్లెలో వాళ్ళ నాయన బళ్ళోనే టీచరుగా చేరిందని తర్వాత విన్నాను. ఒకసారి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆమె స్థానంలో కంపెనీ ప్రోగ్రామరును పెట్టలేదు. ఆళ్లగడ్డలో బటన్లు నొక్కే మనిషిని పెట్టి, మార్పులన్నీ నా మీద వేశారు.

నేను ఒక పట్టు పట్టాను. నోట్‌లో ఎవరు మార్చారన్నదే గాక, ఎవరు మార్చమన్నారో కూడా రాయకుండా ఏ మార్పూ చెకిన్ చేయనని చెప్పాను. మేనేజరు విసుక్కున్నాడు. అయినా ఆ లైను జోలికి మళ్ళీ రాలేదు. ఆ సంగతి నాకు నేర్పింది ఇది. ఈ టూలా, ఆ టూలా అని ఎంత పోల్చినా, అది దాచేది మనం రాయనిచ్చిన మేరకే. మాట చెప్పినవాడు తన పేరు రాయొద్దంటే, అక్కడే ఆగిపోవాలి. ఆ తర్వాత ఏ టూలూ కాపాడదు.

ఒక్క మనిషే పనిచేసే చోట లాక్ అవసరం లేదని మాన్యువల్ చెబుతుంది. దాన్ని తీసేసే వీలు కూడా ఆర్.సి.ఎస్.లో ఉంది. నేను తీసేయలేదు. రిటైరయ్యేదాకా ప్రతిసారీ చెకౌట్ చేసి, లాక్ వేసుకొని, నాతో నేనే పోటీ పడుతున్నట్టు పనిచేశాను. ఎర్ర బిళ్ళ మానిటరు పక్కన మేకుకు వేలాడుతూ ఉండేది. పని ముగించి చెకిన్ చేస్తే టూలు ఎప్పటిలాగే అడిగేది, ఏం మార్చారు, ఎందుకు అని. మార్పు ఏమిటో రాసేవాణ్ణి. ఎవరు చెప్పారో రాసేవాణ్ణి. తర్వాత కాసేపు ఆగి, కిటికీలోంచి బయటికి చూసి, ఇంకో ముక్క రాసేవాణ్ణి.

'నంద్యాలలో వాన. కరెంటు ఉంది.'