వెర్లిన్ నింపిన తూటాలు

హార్గిస్ కాడిల్ నోరు మూయించిన మనిషిని ఈ లోయలో ఒక్కణ్ణే చూశాను, వెర్లిన్ స్టిడమ్‌ని. అదీ నా పెరట్లో, నా టొమాటో మడి పక్కన.

హార్గిస్ తన తండ్రి పోయాక అటక మీద దొరికిన తుపాకీ మందు డబ్బా తెచ్చి, దానితో తూటాలు నింపిపెట్టమని వెర్లిన్‌కి ఇచ్చాడు. డబ్బా మీద మందు పేరున్న కాగితం లేదు. వెర్లిన్ ఆ మందు తెచ్చి నా మొక్కల మొదట్లో కుమ్మరిస్తున్నాడు. మందు రకం తప్పితే తుపాకీ చేతిలోనే పేలుతుంది, అందుకే పేరు తెలియని మందుకి మా కెంటకీ కొండల్లో పట్టే గతి అదే. మొక్కలకి బలమంటారు.

"మా నాన్న మందురా అది! ఎవర్నడిగి పారబోస్తున్నావు?" అంటూ హార్గిస్ ట్రక్కు దిగాడు.

"దాని పేరేంటి?"

"మందుకి పేరేంట్రా, దానికేమన్నా బాప్తిస్మం ఇచ్చారా?"

"నాకు తెలీదు, నీకూ తెలీదు. మీ నాన్నకి తెలుసేమో, వెళ్ళి అడిగిరా. సరే, ఇంకా గుప్పెడు మిగిలింది. ఇప్పుడే నింపి ఇస్తా. నా ఎదురుగా, రైఫిల్‌కి చెంప ఆనించి నువ్వే కాల్చు."

హార్గిస్ చెంప తడుముకున్నాడు. ట్రక్కెక్కి పోయాడు. నేను పైకే నవ్వాను. నవ్వు దాచుకునే అలవాటు నాకు లేదు. ఆ తర్వాత అతని గడప నేను తొక్కలేదు, నా గడప అతనూ తొక్కలేదు.

తను పనిచేసిన గని మూతపడ్డాక వెర్లిన్ ఇంటి వెనక షెడ్డులో బల్ల వేసుకున్నాడు. కాల్చేసిన ఖాళీ తూటాలు ఎవరు తెచ్చినా శుభ్రం చేసి మళ్ళీ నింపేవాడు. ఒక్కో భాగం తెప్పించుకుని రైఫిళ్ళు కూడా కూర్చేవాడు. బల్ల మీద ఒకేసారి రెండు మందు డబ్బాలు ఉండనిచ్చేవాడు కాదు. భార్య లూరీన్ పిలిచినా పని మధ్యలో పలికేవాడు కాదు.

ఆ తర్వాత ఓ వేసవిలో వాగు పొంగి లోయంతా ముంచేసింది. ఇంటింటా ఫ్రీజర్లలో దాచుకున్న మాంసం కుళ్ళిపోయింది. ఫోన్లు పోయాయి, మళ్ళీ రాలేదు. ఇక చలికాలం గడవాలంటే ఇంటికో జింకైనా పడాలి. దుకాణాల్లో చూస్తే తూటాలు లేవు. తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్లు కూడా లేవు. వెర్లిన్ వంటింటి అటక మీద పెట్టుకున్న ప్రైమర్లే లోయకి మిగిలాయి. షెడ్డులో మందు డబ్బాలు బిగుతు మూతల వల్ల తడవలేదు గానీ, వాటి మీది కాగితాలు నీళ్ళకి ఊడిపోయాయి.

నేను వెళ్ళేసరికి అతను ఆ మందునే నింపుతున్నాడు.

"కాగితాలేవిరా?"

"వాగు చదువుకుంటోంది పిన్నీ."

"అయితే తెచ్చి నా టొమాటోల్లో పోసెయ్."

"రంగు చూసి, పలుకు చూసి ఏది ఏదో చెప్పగలను. నా డబ్బాలు నాకు తెలీవా?"

"హార్గిస్ తండ్రికీ తెలిసే ఉంటాయి."

వెర్లిన్ చెయ్యి ఆగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఇది పారబోస్తే ఇంకో మందు ఎక్కడా దొరకదు పిన్నీ. రోజుకొకరు వచ్చి ఆ బల్ల దగ్గర ఊరికే నిలబడుతున్నారు. అడగనైనా అడగరు. ఉత్త చేతులతో ఎలా పంపను?"

చివరికి హార్గిస్ కూడా వచ్చాడు, టోపీ చేత్తో పట్టుకుని. వెర్లిన్ పాత గొడవ ఎత్తకుండా తూటాలు అతని చేతిలో పోశాడు. తూటాల కరువు కదా, గురి చూసుకోవడానికైనా ఎవరూ ఒక్కటి కాల్చలేదు. అందరూ వేట మొదలయ్యే రోజు కోసం దాచుకున్నారు. వెర్లిన్ కూడా కాల్చి చూడలేదు. తను కూర్చుకుంటున్న రైఫిల్‌కి తూటాని లోపల బిగించే బోల్టు రావాలి. నెలల తరబడి రాలేదు. వేటకి ముందు రోజు వచ్చింది.

ఆ మధ్యాహ్నం నేను వరండాలో ఎండు చిక్కుడు గింజలు ఏరుతున్నాను. తుపాకీ చప్పుడు విన్నాను. పుట్టినప్పటినుంచీ వింటున్న చప్పుడే గానీ, అది అలా ఉండకూడదు. చేట వదిలేసి పరుగెత్తాను.

వెర్లిన్ షెడ్డు గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రైఫిల్ చీలిపోయి పడి ఉంది. కుడి కన్ను ఉండాల్సిన చోటికేసి నేను చూడలేకపోయాను. లూరీన్ ఏడుస్తూనే ట్రక్కు తేవడానికి పరుగెత్తింది. నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి అతని మొహానికి అదిమిపెట్టాను.

"రెండు డబ్బాలు తారుమారు చేశాను పిన్నీ. వేగంగా మండేది నింపాను."

"మాట్లాడకు. ఆసుపత్రికి నేనూ వస్తున్నాను."

"నువ్వు రావద్దు. ఇళ్ళన్నీ తిరుగు. తెల్లారితే అందరూ కొండెక్కుతారు. నేనిచ్చినవన్నీ వెనక్కి తీసుకో."

"ఇవ్వరురా. అవి పోతే వాళ్ళకింకేం ఉంది?"

"నా మొహం ఎలా ఉందో వాళ్ళకి చెప్పు. మెత్తగా చెప్పకు, నీకది ఎలాగూ రాదు." రక్తంలోనే నవ్వబోయాడు. నా మణికట్టు వదల్లేదు.

"ముందు హార్గిస్ ఇంటికి వెళ్ళు. వాడు అందరికంటే ముందు బయల్దేరతాడు. పేరు తెలియని మందు నేనే నింపానని చెప్పు. నవ్వుతాడు. నవ్వనీ. నువ్వు మాత్రం తిరగబడకు పిన్నీ, నా కోసం. వాడు నవ్వడం అయ్యేదాకా గుమ్మంలోనే నిలబడి, తూటాలన్నీ చేతిలో పెట్టించుకుని రా."