పొదుగులో నాచు

ఏళ్ల తరబడి ఒక మనిషి కన్ను నా గుండెల మీద మోస్తున్నాను. ఇవాళ మీ ముందు దించుతున్నాను. తిట్టుకుంటే తిట్టుకోండి గానీ చివరిదాకా వినండి.

అప్పట్లో గుంటూరులో పశువుల ల్యాబ్‌లో పరిశోధన చేసేవాణ్ణి. గేదె పొదుగులో చేరి పాలు పాడుచేసే ఒక నాచు ఉంది. కంటికి కనిపించదు, పచ్చగానూ ఉండదు. సీసాల్లో దానికి చక్కెర తగ్గిస్తే ఏమవుతుంది, పెంచితే ఏమవుతుంది అన్నదే నా పని. తగ్గిస్తే చచ్చినట్టు పడి ఉంటుంది. పెడితే మళ్లీ లేస్తుంది. ఈ సంగతి నాకు తెలిసినంతగా ఆ భవనంలో ఎవరికీ తెలియదు.

వినుకొండ దగ్గరి రైతు సుబ్బారావు గారు తన గేదె నీరసపడి పాలు విరిగిపోతున్నాయని ఆ పాలు పరీక్షకు ఇచ్చారు. కొత్త సీసాలు సిద్ధం చేయడానికి బద్ధకించి, చక్కెర తగ్గించిన సీసాల్లోనే ఆ పాలు వేశాను. ఏమీ పెరగలేదు. అటు వెళ్లే పని పడితే వాళ్ల మిరప కల్లంలో ఆగి నేనే చెప్పాను.

"అయితే జబ్బు కాదంటారా?"

"ఏమీ లేదండి."

"అయితే ఈడే కుడితిలో పురుగుమందు కలిపాడన్నమాట."

ఈడంటే యేసోబు, గేదెల్ని చూసే పాలేరు. పక్కనే ఎండుమిరపకాయలు తిరగేస్తున్నాడు. సుబ్బారావు గారు ముల్లుకర్ర అందుకున్నారు. మొదటి దెబ్బకు చెయ్యి విరిగిన చప్పుడు విన్నాను. పడ్డవాణ్ణి జుట్టు పట్టి కాయల మీద ఈడ్చారు. "నేను కలపలేదయ్యా, ప్రభువు సాక్షి" అని అరుస్తూనే ఉన్నాడు. కర్ర ముల్లు కంట్లో దిగింది. ఆ ఎరుపులో నెత్తురేదో కాయలేవో తెలియలేదు.

నేనేం చేశాను? నిలబడ్డాను. "ఆగండి, నా పరీక్ష మీద నాకే నమ్మకం లేదు" అనడానికి ఎంతసేపు పడుతుంది? భయంతో నోరు పెగల్లేదని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. పరువు పోతుందని నోరు మూసుకున్నాను.

ల్యాబ్‌కు వచ్చి ఆ సీసాల్లో చక్కెర కలిపాను. కొన్నాళ్లకు తెల్లగా కలకబారాయి. నాచు మొదటినుంచీ ఉంది. సీసాలన్నీ గోడకేసి కొట్టాను. గాజు దిగి అరచెయ్యి చీలింది. సిగ్గులేదు నాకు, ఆ నొప్పికి కాస్త తృప్తిపడ్డాను కూడా. అప్పుడూ ఎవరికీ చెప్పలేదు.

యేసోబు ఇప్పటికీ ఒంటికన్నుతో కూలికి తిరుగుతున్నాడట. విషం పెట్టినవాడని ఏ ఇంట్లోనూ పశువుల దగ్గరికి రానివ్వరట.

క్షమించమని అడగను. ఏ మొహం పెట్టుకుని అడగను? యేసోబు మందు కలపలేదు. ఇన్నాళ్లూ ఈ మాట వాడొక్కడే అన్నాడు. ఇప్పుడు నేనూ అంటున్నాను.